బండి కింద కొబ్బరిచిప్ప

మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగగానే ఒక వాసన వస్తుంది. కాలిన ఇంజనాయిలు, దాని మీద పేరుకున్న దుమ్ము, ఎప్పుడో తుడిచిన కిరసనాయిలు, ఈ మూడూ కలిసి ముక్కుకి తగిలే వాసన. విజయవాడలో మా బిల్డింగులో అందరి బళ్ళూ కొత్తవే, అందులో సగం కరెంటువి, రాత్రయితే ఫోన్లకి పెట్టుకున్నట్టే వాటికీ చార్జింగు పెట్టుకుంటారు, కాబట్టి ఈ వాసనకి బాధ్యులెవరో తేల్చడానికి వాట్సాప్ గ్రూపులో పెద్ద విచారణ అక్కర్లేకపోయింది. స్తంభం పక్కన టార్పాలిను కప్పుకుని నిలబడ్డ మా నాన్న నల్ల మోటారు సైకిలు ఫొటో, దాని కింద టైల్సు మీద అరచెయ్యంత మరక ఫొటో, రెండూ పక్కపక్కన పెట్టి, సంబంధిత ఫ్లాటు వారు దయచేసి గమనించగలరని సెక్రటరీ గారు రాశారు. గమనించకేం. ఆ మరకని నేను ఊహ తెలిసినప్పటి నుంచీ గమనిస్తూనే ఉన్నాను.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేశాడు. జగ్గయ్యపేటలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు మంచాలూ బీరువాలూ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి, ఈ బండిని మాత్రం వ్యానెక్కించి, తను డ్రైవరు పక్కన కూర్చుని దానికి తోడొచ్చాడు. నడపడానికి మోకాళ్ళు సహకరించవు. అయినా ఆదివారం పొద్దున్నే కిందికి దిగి, టార్పాలిను తీసి, ఒళ్ళంతా తుడిచి, కింద వేలు పెట్టి చూసి, ఆ వేలు వాసన చూసుకుని మరీ పైకొస్తాడు. ఆ చేతులతో తలుపు తోసుకుని రాగానే మా మూడో అంతస్తు హాలు కాస్తా జగ్గయ్యపేట వసారా అయిపోతుంది. నాకు ఆ వాసనంటే ప్రాణం. ఆ వాసనంటే ఒళ్ళు మంట కూడా. ఈ రెండూ ఒక్క ముక్కులో ఎలా ఇమిడాయో చెప్పాలంటే బండి దగ్గరే మొదలుపెట్టాలి.

అది మా తాతయ్య, అంటే నాన్న వాళ్ళ నాన్న, మిలట్రీ వాళ్ళు పాతబళ్ళు వేలం వేస్తే పాడుకున్నది. తాతయ్య దాని మీద పొలానికి తిరిగాడు, ఆయన తర్వాత నాన్న దాని మీద మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగానికి తిరిగాడు. జగ్గయ్యపేటని మేం పేట అనే అంటాం. పేట చుట్టూ సున్నపురాయి నేల, ఆ రాతిని నమ్ముకుని వెలిసిన సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి తిరిగే లారీలు, ఆ లారీలు రేపిన తెల్లటి దుమ్ము మా పెరట్లో కరివేపాకు రెబ్బల మీద కూడా సన్నగా పరుచుకునేది, అమ్మ ఏ ఆకు కోసినా ముందు రెండు నీళ్ళు పోసి జాడించి గానీ పోపులో వేసేది కాదు. మాఘమాసం దాటితే మిరపకాయల బస్తాలు మోసుకుంటూ ట్రాక్టర్లు పోయేవి, అవి పోయిన వీధి వీధంతా కాసేపు తుమ్ముకునేది. ఈ దుమ్మూ ధూళీ అంతా వచ్చి తడి ఉన్న చోటల్లా అంటుకునేది, ఎండాకాలం మా వీధిలో ఎప్పుడూ తడిగా ఉండేది మా బండి ఇంజనొక్కటే కాబట్టి సాయంత్రానికి అది పిడకలు కొట్టిన గోడలా తయారయ్యేది. "మనిషికి ముక్కు కారితే చీదుకుని ఊరుకుంటాడు, దీనికి ఒళ్ళంతా ముక్కే," అనేది అమ్మ.

ఆదివారం వస్తే నూనె ఎక్కడ కారుతోందో నాన్నా నేనూ వెతికేవాళ్ళం. తోటి ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకునే వేళకి నేను పాత గౌను వేసుకుని వసారాలో సిద్ధంగా ఉండేదాన్ని. అమ్మ నేతచీర చింపిన గుడ్డలు, సొట్టలు పోయిన గిన్నెలో కిరసనాయిలు, అరిగిపోయిన పళ్ళబ్రష్షు, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా, ఇదీ మా సరంజామా. ముందు గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఇంజను రెక్కల సందుసందూ తుడవాలి, నాన్న వేళ్ళు పట్టని సందుల్లో నా వేళ్ళు పట్టేవి, అందుకే ఆ పని నాది. ఒళ్ళంతా ఆరాక పౌడరు డబ్బా నా చేతికిచ్చేవాడు. చపాతీల పీట మీద పిండి చల్లినట్టు పల్చగా, ఒక్క చోట కూడా ముద్దకట్టకుండా చల్లాలి. అంత నల్ల ఇంజనూ తెల్లబడిపోయాక కిక్కు కొట్టి, అది వేడెక్కేదాకా చెరోవైపు గొంతుక్కూర్చుని రెప్పవెయ్యకుండా చూసేవాళ్ళం. ఎక్కడో ఒక చోట ఆ తెలుపు మీద తేనెరంగు మచ్చ పుట్టేది. పుట్టి, కాసేపు ఆలోచించుకుని, సన్నగా దారి చేసుకుంటూ కిందకి పాకేది. ముందు చూసినవాళ్ళు "దొంగ" అనాలి. ఎప్పుడూ నేనే ముందు అనేదాన్ని. నాన్న కావాలని ఓడిపోయేవాడేమోనని ఇప్పుడు అనుమానం. ఒకసారి అనుమానపడ్డం అలవాటయ్యాక అది వెనక్కి ఎంతదూరమైనా పోతుంది.

కొత్తవాళ్ళు ఎక్కడ పొరపాటు పడతారో నాన్న మొదటి రోజే చెప్పాడు. "చుక్క పడ్డ చోటు చూసి మోసపోకే సుజా. నూనె ఎక్కడో పైన పుడుద్ది. గాలికి వెనక్కీ బరువుకి కిందకీ పాకి, ఏ పాపం ఎరగని బోల్టు దగ్గర చుక్కై రాలుద్ది. అందరూ ఆ బోల్టునే బిగించి బిగించి మర తెంపేస్తారు. కింద తడిస్తే పైన వెతకాల." అంత గొప్పగా చెప్పినవాడు అంత చులాగ్గా నన్నెలా బోల్తా కొట్టించాడో మీరే చూద్దురుగాని.

దొంగ దొరికాక వైద్యం. మా ఇంటికొచ్చిన శుభలేఖలన్నీ నాన్న దాచేవాడు, బంధుప్రీతితో కాదు, ఆ మందపాటి అట్ట ప్యాకింగు కొయ్యడానికి పనికొస్తుందని. విప్పిన మూత మీద శుభలేఖ పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో టకటకా కొడితే మూత ఆకారమే అట్ట మీద దిగేది, దాన్ని కత్తెరతో కోసి రెండు ఇనుముల మధ్యా పెట్టి బిగించేవాడు. మా బండి ఇంజనులో ఎంతమంది వధూవరులు నూనెలో నానేవారో లెక్కలేదు. శుభలేఖకి లొంగని రోగమైతే నందిగామ వెళ్ళి రబ్బరు సీలు కొనుక్కురావాలి. నేను పెట్రోలు ట్యాంకు మీద, నాన్న వెనక, హైవే మీద గాలి చెవుల్లో హోరుమంటుంటే పత్తిచేలూ మిరపచేలూ దాటి వెళ్ళడం, సెంటర్లో సీలు కొన్నాక మిరపకాయ బజ్జీలు పొట్ట చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండించుకుని తినడం, మిగిలిన రెండు అమ్మకని పొట్లం కట్టించుకుని అదే సంచీలో సీలుతో పాటు వెయ్యడం. ఆ బజ్జీలు అమ్మ ఇంజనాయిలు వాసనేస్తున్నాయని తిట్టుకుంటూనే తినేది.

ఎంత వైద్యం చేసినా బండి పూర్తిగా మానేది కాదు, ఒక చోట మూస్తే ఇంకోచోట తెరుచుకునేది. అందుకని నాన్నకి ఒక పద్ధతుండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు బండి పక్కడబ్బాలోంచి కొబ్బరిచిప్ప తీసి, చుక్క పడే చోట సరిగ్గా పెట్టి, అప్పుడు గానీ చెప్పులు విడిచేవాడు కాదు. బయల్దేరేటప్పుడు అందులో నూనె గుడ్డతో తుడిచి, చిప్ప మళ్ళీ డబ్బాలో పెట్టుకునేవాడు. "ఒకళ్ళ వాకిట్లో మన మరక ఉండకూడదే," అనేవాడు. ఆ చిప్ప నేను చేసిందే. వినాయకచవితికి కొట్టిన కాయ, బాగా పెద్దది, పీచంతా గాజుపెంకుతో గీకి, గచ్చు మీద రుద్ది రుద్ది అద్దంలా నున్నగా చేసి, పొయ్యిలో మేకు ఎర్రగా కాల్చి దాని మీద 'సు' అని నా పేరు మొదటి అక్షరం వేశాను. బజార్లో ఎక్కడైనా బండి కింద ఆ చిప్ప కనిపిస్తే నాకు గర్వంగా ఉండేది, నేను కూడా అక్కడున్నట్టే అనిపించేది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆ ఏడు దసరాకి ఆయుధపూజ చేశాం. బండికి పసుపూ కుంకం పెట్టి, హ్యాండిలుకి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ కొట్టాం. అమ్మ పులిహోరా చక్రపొంగలీ చేసి తెచ్చి బండి ముందు పెట్టింది. అంతలో టప్పున ఒక చుక్క హారతి పళ్ళెం పక్కనే పడింది. అందరం నవ్వాం. మా వెనకవీధిలో నా ఈడు పిల్లని ఆ మధ్యే హాస్టల్లో వేశారు, సెలవులకొచ్చిన ఆ పిల్ల మొహం చూసినప్పటి నుంచీ నా గుండెల్లో రాయి పడి ఉంది. నన్ను కూడా వేస్తారా నాన్నా అని అడిగాను. నాన్న ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "నువ్వెళ్ళిపోతే దొంగని పట్టేదెవరే? ఈ బండి మీద ఒట్టు. నేనుండగా నిన్ను ఎక్కడికీ పంపను." దేవుడి మీద ఒట్టేస్తే కాస్త అనుమానించేదాన్నేమో. బండి మీద వేశాడు, నమ్మాను.

ఎండాకాలం వచ్చింది. మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజంటే నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు, నా చేతులకున్న నూనె వేరు, జాడీలో పొయ్యబోయే నూనె వేరు అని అమ్మ భయం. గడప బయట కూర్చుని చూసేదాన్ని. తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు, కొత్త కారం, ఆవపిండి ఘాటు, నువ్వుల నూనె ధారగా పడుతుంటే వచ్చే కమ్మటి వాసన, చివర్న కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసి నెయ్యి పోసి కలిపి అమ్మ నోట్లో పెట్టే ఎర్రటి ముద్ద. ఆ ఏడు ఆ ముద్ద నోట్లో ఉండగానే అమ్మ తలెత్తకుండా అంది. "జూన్‌లో దీన్ని నందిగామ హాస్టల్లో వేద్దామనుకుంటున్నా."

నేను నాన్న వైపు చూశాను. నాన్న చదువుతున్న పేపరు కింద పడేసి లేచాడు. "ఎవరినడిగి అనుకున్నావ్? అది నా కళ్ళ ముందు లేకపోతే నాకెట్టా ఉంటుందో తెలుసా నీకు?"

అమ్మ చెయ్యి బేసిన్లో అలాగే ఆగిపోయింది. ఏదో అనబోయి, నాన్న మొహంలోకి చూసి, మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టింది. "సర్లెండి. నేనే అనుకున్నాలే," అంది.

ఆ రోజు నుంచీ అమ్మ నాకు శత్రువు. ఆవిడ జడ వేస్తానంటే తల ఇవ్వలేదు, పెరుగన్నంలో మామిడిపండు పిసికి పెడితే కంచం తోసేశాను. రాత్రి నాన్న మంచం పక్కన చేరి, నువ్వు ఒప్పుకోకు నాన్నా అని గుసగుసలాడేదాన్ని. "చూద్దాంలేవే, మీ అమ్మ పట్టు పడితే తెలుసుగా," అనేవాడు నిట్టూర్చి. ఆ నిట్టూర్పు కూడా అంత సహజంగా ఎలా వచ్చిందో.

ఆ నెలలో నాన్నకి ఆఫీసు క్యాంపులు ఎక్కువయ్యాయి. ఒకరోజు సాయంత్రం వచ్చి బండి ఆపాడు, నేను అలవాటుగా పక్కడబ్బా తీస్తే చిప్ప లేదు. "వేదాద్రి వెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకొచ్చానే, ఏటి ఒడ్డున బండి కింద పెట్టి మర్చిపోయా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ప్రసాదం ఏది నాన్నా అన్నాను ఏడుస్తూనే. రద్దీగా ఉందన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి ఒకసారి ఆయన్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏటికి నీళ్ళొచ్చి నా చిప్ప కృష్ణలో కొట్టుకుపోతున్నట్టు అనుకుని చాలా రోజులు బాధపడ్డాను.

జూన్‌లో నన్ను పంపించారు. "నా మాట చెల్లలేదే తల్లీ, మీ అమ్మ వినట్లేదు," అన్నాడు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, కారం తగ్గించి నాకోసం విడిగా కలిపిన చిన్న ఆవకాయ జాడీ పట్టుకుని అమ్మ బస్సులో వచ్చింది. నేను ఆవిడతో రానన్నాను. నాన్నతో బండి మీద వెళ్ళాను, దారంతా ఆయన చేతి మీద చెయ్యి వేసుకుని, పాపం ఈయన ఎంత ఓడిపోయాడో అని జాలిపడుతూ.

హాస్టలు నందిగామ అవతల, రోడ్డుకి లోపలగా ఉండేది. గేటు దాటగానే ఎడంవైపు కానుగచెట్టు. నాన్న ఎవరినీ అడక్కుండా, అటూ ఇటూ చూడకుండా, నేరుగా వెళ్ళి ఆ చెట్టుకింద బండి ఆపి, నన్ను దింపి, ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. చిప్ప పోయినప్పటి నుంచీ డబ్బాలో ఒక రేకుమూత పెట్టుకుని తిరుగుతున్నాం. నేను ఆ మూత తీసుకుని, చుక్క పడే చోట పెడదామని వంగాను.

అక్కడ అప్పటికే చిప్ప ఉంది. వేరు పక్కన, మా బండి నూనె రాలే చోటికి జానెడు అవతల. అందులో నల్లగా చిక్కబడ్డ నూనె, అందులో రాలి మునిగిన కానుగపూలు. ఎత్తి వేలితో తుడిచాను. 'సు'.

వాచ్‌మన్ తాత గేటు దగ్గర్నుంచి చూసి నవ్వాడు. "మీ నాన్నగారిదేనమ్మా. కిందటిసారొచ్చినప్పుడు మర్చిపోయారు. మళ్ళీ వస్తారుగదాని నేనూ తియ్యలేదు. సీటు కోసం వచ్చినప్పుడల్లా ఆయన బండి అక్కడేనమ్మా పెట్టేది."

ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న నమ్మకమంతా అరికాళ్ళలోంచి ఆ మట్టిలోకి దిగిపోయినట్టయింది. వేదాద్రి లేదు, క్యాంపు లేదు. ఆ ఎండలో వచ్చి వచ్చి సీటు సంపాదించింది ఈయన, ఇంట్లో నా పక్కన కూర్చుని నిట్టూర్చింది ఈయన. స్వామిని కూడా దొంగసాక్ష్యానికి లాగాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే పెద్దవాళ్ళు అనుకునే మాటనుకునేదాన్ని, ఆ చెట్టుకింద నా గొంతుకే తెలిసింది. అంతలో అమ్మ బస్సు దిగి, నెత్తి మీద పరుపుచుట్టతో చెమటలు కక్కుతూ గేట్లోకి వచ్చింది. నన్ను చూసి, నేను మాట్లాడనని తెలుసు కనక, జాడీ నా పక్కన పెట్టి దూరంగా నిలబడింది. నేను నూనె చెట్టుమొదట్లో పారబోసి, చిప్పని లంగాకి తుడిచి ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాను. నాన్న బయటికొచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, నన్ను దగ్గరికి తీసుకున్నాడు. ఆ చొక్కాకి అదే వాసన.

దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అమ్మకి చిప్ప చూపించాను. బియ్యంలో రాళ్ళేరుతున్న చేట పక్కన పెట్టి చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది. "నేను చెప్తే దానికి నా మీద కోపమొస్తుంది, నువ్వు చెప్పవే అన్నారు మీ నాన్న. చెప్పా. చెప్పాక ఆయన అట్టా లేస్తారని మాత్రం నాకూ తెలీదు," అంది. తర్వాత చిప్ప నా చేతిలో పెట్టి, "ఆయనతో అనమాకు. నీ ముందు తలెత్తుకోలేరు," అంది. అమ్మ కోసం ఊరుకున్నాను. ఊరుకోవడం వేరు, మర్చిపోవడం వేరు. ఆ ఆదివారం నాన్న పౌడరు డబ్బా ఇస్తే తలనొప్పిగా ఉందన్నాను, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ బండి దగ్గర కూర్చోలేదు. ఆడపిల్ల పెద్దదవుతోంది అనుకున్నాడు.

హాస్టల్లో వెయ్యడం తప్పని నేనెప్పుడూ అనను. ఆ చదువే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. నేనే పంపుతున్నానే అని ఒక్కమాట అనుంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. మంచివాడిగా మిగలాలన్న ముచ్చట కోసం అమ్మని చెడ్డదాన్ని చేశాడు. కంచే చేను మేసింది, మేసి, పక్క చేను మీదకి తోసింది.

నిన్న ఆదివారం నాన్నా, మా అమ్మాయి హారికా సెల్లారులో కూర్చున్నారు. సెక్రటరీ గారి ఫొటోల పుణ్యమా అని మళ్ళీ దొంగని వెతుకుతున్నారు. హారిక చేతిలో పౌడరు డబ్బా. నేను కాఫీ తీసుకుని దిగేసరికి నాన్న చెబుతున్నాడు. "మీ అమ్మ నీకన్నా గట్టిది, ఇట్టే పట్టేసేది. అంత బంగారం లాంటి పిల్లని మీ అమ్మమ్మ పట్టుబట్టి హాస్టల్లో వేయించింది. నేను వద్దంటే వద్దన్నా. నా మాట ఎవరు విన్నారు?"

కాఫీ అక్కడ స్కూటరు సీటు మీద పెట్టేసి పైకొచ్చాను. బతికున్నన్నాళ్ళూ మోసింది చాలదా, పోయాక కూడా ఆవిడే మొయ్యాలా? బీరువా అడుగు అరలోంచి తీసుకుని మళ్ళీ దిగాను. బండి కింద, చుక్క పడే చోట, చిప్ప పెట్టాను, 'సు' నాన్న వైపుకి ఉండేలా.

నాన్న చూశాడు. తీసి, బొటనవేలితో ఆ అక్షరం తడిమాడు.

"ఇది వేదాద్రిలో..." అన్నాడు.

"కానుగచెట్టు కింద నాన్నా. హాస్టల్లో. నన్ను దింపిన రోజే దొరికింది."

చిప్ప మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూశా."

"మీ అమ్మకి..."

"అమ్మకి చెప్పా. నీతో అనొద్దంది అమ్మే."

నాన్న చిప్పని కింద పెట్టాడు. పెట్టి, అలవాటు కొద్దీ, కొంచెం ఎడమకి జరిపాడు. చుక్క సరిగ్గా మధ్యలో పడింది.

ఆ వసారా ఇప్పుడు లేదు, కొన్నవాళ్ళు పడగొట్టి కొట్ల గదులు కట్టారు. హాస్టలు ఫంక్షన్ హాలయింది, కానుగచెట్టు ఉన్న చోట కార్లు ఆపుకుంటున్నారు. శుభలేఖలు ఫోన్లోనే వస్తున్నాయి, వాటితో ప్యాకింగు కొయ్యలేం. కరెంటు బళ్ళకి కారడానికి నూనే లేదు, అవి ఎక్కడికి వెళ్ళొచ్చినా వాకిట్లో ఏ గుర్తూ మిగలదు. బేసిన్లో ఎర్రటి ముద్ద కలిపి పెట్టే చెయ్యీ లేదు.

"అంటే అమ్మమ్మ కాదా తాతయ్యా?" అంది హారిక.

నాన్న ఇంజను వైపే చూస్తూ చెయ్యి చాపాడు. "ఆ పౌడరు డబ్బా ఇటివ్వమ్మా."

దాని వయసులో నేనయితే ఇచ్చేసేదాన్ని. హారిక ఇవ్వలేదు. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ అలాగే కూర్చుంది.